చేతి పంపు, ఛార్జింగ్ పంపు, తైవాన్ పంపు, డ్రోన్: మందు కొట్టడానికి ఏది మేలు?

పంపు కొనడానికి షాపుకి వెళ్ళిన రైతు ముందు అడిగేది ఒకటే: "ఎకరం ఎంతసేపట్లో అయిపోతుంది?" ఆ ఒక్క ప్రశ్నతో తేలిస్తే డ్రోన్ మొదట, చేతి పంపు చివర. ఎకరానికి ఎన్ని నీళ్ళు పడుతున్నాయి, మందు మొక్కలో ఏ భాగానికి చేరుతోంది అని అడిగారనుకోండి, వరుస మారిపోతుంది. నా మటుకు ఈ రెండో ప్రశ్నే ముందు.

నీళ్ళ లెక్క ఎందుకంటే, మందు డబ్బా మీద మోతాదు హెక్టారుకు ఇంత అని ఉంటుంది, నీళ్ళు చాలా మందులకు హెక్టారుకు 500 లీటర్లు అని రాసి ఉంటుంది. అంటే ఎకరానికి 200 లీటర్లు. లీటరుకు 2 మి.లీ. మందు అనుకుంటే ఎకరానికి 400 మి.లీ. పడాలి. 16 లీటర్ల చేతి పంపుతో పన్నెండున్నర ట్యాంకులు, ట్యాంకుకు 32 మి.లీ. ఇంతవరకూ బాగానే ఉంది. అదే రైతు పెట్రోలు ఇంజనుతో నడిచే తైవాన్ పంపు కొంటాడు, 20 లీటర్ల ట్యాంకులు అయిదు కొట్టేసరికి ఎకరం అయిపోతుంది. ట్యాంకుకు మాత్రం అలవాటుగా ఆ 32 మి.లీ.యే పోస్తాడు. చేనులో పడింది 160 మి.లీ. పురుగు చావదు, మందు నకిలీదని షాపు వాడి మీద గొడవ. నకిలీ మందులు లేవని కాదు, కానీ ఇలాంటి గొడవల్లో కొన్నింటికి లెక్కే కారణం. ట్యాంకు లెక్క మర్చిపోయి ఎకరం లెక్క పట్టుకుంటే ఏ పంపైనా పనిచేస్తుంది.

మీ పంపు, మీ నడకతో ఎకరానికి ఎన్ని నీళ్ళు పోతాయో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కొలిచిన మంచినీళ్ళు ట్యాంకులో పోసి, రోజూ నడిచే వేగంతో ఒక గుంట కొట్టండి. ఖర్చైన లీటర్లను 40తో హెచ్చిస్తే ఎకరం లెక్క వస్తుంది. సెంట్ల లెక్కలో ఉండేవాళ్ళు అయిదు సెంట్లు కొట్టి 20తో హెచ్చించుకోవచ్చు. పైరు ఎదిగే కొద్దీ ఈ లెక్క పెరుగుతుంది, కాబట్టి మోకాలెత్తు పత్తికి చేసింది నడుమెత్తు పత్తికి పనికిరాదు.

ఇక ఒక్కో పంపు సంగతి. చేతి పంపును ఇప్పుడు ముసలి పంపు అని తీసిపారేస్తున్నారు గానీ, కలుపు మందుకు దాన్ని మించింది లేదు. ఒత్తిడి తక్కువ, తుంపర కాస్త లావు, గాలికి పక్క చేనుకు అంతగా పోదు. పాడైతే వాషర్ మార్చుకుంటే చాలు, మెకానిక్ అక్కర్లేదు. రెండు వేల లోపే దొరుకుతుంది. దీని లోపం కూడా అందరికీ తెలిసిందే: పొద్దున మొదలుపెట్టినప్పుడు ఉన్న ఊపు పదో ట్యాంకుకు ఉండదు. చెయ్యి అలసిపోతే ఒత్తిడి పడిపోయి, చేను ఆ చివర మందు సగం సగం పడుతుంది.

ఛార్జింగ్ పంపు ఈ లోపాన్ని తీర్చడానికే వచ్చింది. చేతికి పని లేదు, ఒత్తిడి దాదాపు ఒకే రకంగా ఉంటుంది. రెండు మూడు ఎకరాల పత్తి, కంది, కూరగాయలు వేసే ఇంటికి ఒక్కటే పంపు కొనాలంటే నేను దీన్నే కొనమంటాను. ఒక షరతు: 12 వోల్టుల బ్యాటరీ 8 ఆంపియర్ అవర్లదా, 12 ఆంపియర్ అవర్లదా అని అడిగి తీసుకోండి. "ఇరవై ట్యాంకులు వస్తుంది" అని అట్టపెట్టె మీద రాసింది కొత్త బ్యాటరీ మాట. డబుల్ మోటార్ రకం ఎక్కువ నీళ్ళు తోస్తుంది, అంత తొందరగా ఛార్జింగూ తాగేస్తుంది. చేనులో ఛార్జింగ్ అయిపోతుందనే టెన్షన్ ఉన్నవాళ్ళకి హ్యాండిల్ కూడా ఉన్న టూ ఇన్ వన్ రకం మంచిది, బరువు కొంచెం ఓర్చుకోవాలి.

పెట్రోలుతో నడిచే తైవాన్ పంపు మిరప రైతులకు అక్కరకొచ్చినంత మరొకరికి రాలేదు. 2021 నుంచి గుంటూరు, ఖమ్మం వైపు మిరప తోటలను ముంచిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దాక్కుంటుంది. ఎర్రనల్లి ఆకు అడుగున ఉంటుంది. గుబురుగా ఎదిగిన తోటలో అక్కడికి మందు చేరాలంటే తోసే బలం ఉండాలి. అయితే గన్ మరీ దగ్గరగా పెడితే పూత రాలుతుంది, ఈ ఒడుపు తెలిసిన మనిషి కావాలి. నీళ్ళతో కలిపి వీపు మీద బరువు 30 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, చెవి పక్కనే ఇంజన్ మోత. అయిదెకరాల లోపు వాళ్ళు సొంతానికి కొనడం దండగని నా అభిప్రాయం. ఊళ్ళో కూలికి కొట్టేవాళ్ళు ఉంటే వాళ్ళతో కొట్టించుకోవచ్చు.

సన్నటి తుంపరతో ప్రమాదం ఏమిటో పెన్‌గంగ అవతల చూశాం. ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017 వానాకాలంలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ ఏడు పత్తి బాగా ఎత్తు పెరిగింది, రెండు మూడు మందులు కలిపి కొట్టారు, వాటికి తోడు పొగమంచులా చిమ్మే పంపులు. చేను భుజాల ఎత్తు దాటాక ఛార్జింగ్ పంపైనా, తైవాన్ పంపైనా మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా దిగొద్దు. గాలికి ఎదురు నడవొద్దు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం మాస్కు కాదు, తడిసిన తువ్వాలు మందును ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది.

డ్రోన్ కొనే మాట చాలామంది రైతులకు ఎలాగూ లేదు, అద్దెకు పిలిపించుకునే మాటే. నమో డ్రోన్ దీదీ పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. రైతులకు అద్దెకు తిప్పేందుకు 15,000 మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, గరిష్ఠంగా 8 లక్షల వరకు సాయంతో డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. వరిలో ఇది నిజంగా ఉపయోగమే. బురదలో దిగే పని లేదు, ఎకరం పది నిమిషాల లోపు అవుతుంది, అగ్గి తెగులు, ఆకుముడత లాంటి పైఆకుల సమస్యలకు సరిపోతుంది. దోమపోటు దగ్గరే నాకు అనుమానం. ఆ దోమ దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన ఉంటుంది. ఎకరానికి పది లీటర్ల నీళ్ళతో పైనుంచి కొట్టింది గుబురు దాటి అక్కడికి ఎంత దిగుతుంది? రెండు మీటర్లకో కాలిబాట తీసి, మొదళ్ళు తడిసేలా పంపుతో కొట్టించడమే నయం. ఇంకొకటి, ఎకరం మందంతా ఆ పది లీటర్లలోనే ఉంటుంది కాబట్టి గాలికి పక్కకు పోయే తుంపర కూడా చిక్కగా ఉంటుంది. హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ తోట పక్కన డ్రోన్ ఎగరేస్తే ఆ ఆకు తినే పట్టుపురుగులకు ముప్పు, పక్కవాళ్ళతో తగాదా. వచ్చినతనికి పైలట్ సర్టిఫికెట్ ఉందా, ఆ మందు డ్రోన్‌తో కొట్టదగిందేనా అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లో ఏ పంపున్నా సరే, కలుపు మందుకు విడిగా ఒకటి పెట్టుకోండి. కొత్తది కొన్నప్పుడు పాత చేతి పంపును పాత సామానుకు వేయకుండా దానికి ఎర్ర రంగు పూసి, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ (విసనకర్రలా పరిచి చిమ్మేది) బిగించి పక్కన పెడితే సరిపోతుంది. తైవాన్ లాంటి పెట్రోలు పంపుతో కలుపు మందు కొట్టనే కొట్టొద్దు. వరికి 2,4-డి అనే కలుపు మందు కొట్టిన ట్యాంకును పైపైన కడిగి పత్తిలో వాడితే, అడుగున మిగిలిన కాస్తకే పత్తి ఆకులు బెండాకుల్లా చీలి సన్నబడతాయి. తప్పనిసరై అదే పంపు వాడాల్సి వస్తే బట్టల సోడా కలిపిన నీళ్ళు రాత్రంతా ట్యాంకులో నిలవుంచి, పైపులోంచీ నాజిల్‌లోంచీ వదిలి, మళ్ళీ మూడుసార్లు మంచినీళ్ళతో కడగాలి. ఆ కడుగు నీళ్ళు కాలువలో పోయొద్దు.

పురుగు మందుకు, తెగులు మందుకు హాలో కోన్ నాజిల్ (మధ్యలో ఖాళీగా, గుండ్రంగా చిమ్మేది). నాజిల్ అరిగిపోయిందో లేదో కంటికి తెలియదు, అదే దాంతో చిక్కు. కొన్నరోజే ఒక నిమిషంలో ఎన్ని మి.లీ. వస్తోందో సీసాతో పట్టి ట్యాంకు మీద రాసుకోండి. అంతకు పదో వంతు ఎక్కువ రావడం మొదలైతే మార్చేయాలి. నీళ్ళలో తడిసే పొడి మందులు ఎక్కువగా వాడేవాళ్ళకు ఇత్తడి నాజిల్ తొందరగా అరుగుతుంది, స్టీలు, సెరామిక్ ఎక్కువ కాలం ఆగుతాయి. మూసుకుపోతే పిన్నుతో పొడవడం, నోటితో ఊదడం రెండూ వద్దు. పాత పళ్ళ బ్రష్షు చాలు. పొడి మందును ముందు బకెట్లో కలిపి వడపోసి ట్యాంకులో పోస్తే, ఛార్జింగ్ పంపులో మోటారుకు ముందున్న చిన్న జల్లెడ మూసుకుపోదు.

పంట అయ్యాక అటక మీద పడేసిన పంపే మరుసటి ఏడు మొరాయిస్తుంది. లెడ్ బ్యాటరీ అయితే ఖాళీగా వదిలేస్తే పోయినట్టే, పని లేకపోయినా నెలకోసారి ఛార్జింగ్ పెట్టాలి. తైవాన్ పంపులో పెట్రోలు తీసేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపాలి, లేకపోతే కార్బొరేటర్‌లో జిగురు పట్టుకుంటుంది. టూ స్ట్రోక్ ఇంజనా, ఫోర్ స్ట్రోకా అన్నది కొన్నప్పుడే తెలుసుకోండి. మొదటిదానికి పెట్రోల్లో 2టీ ఆయిల్ పుస్తకంలో చెప్పిన పాళ్ళలో కలపాలి, రెండోదానికి ఇంజన్ ఆయిల్ విడిగా పోయాలి. కూలికి వచ్చినవాళ్ళ చేతికి పంపు ఇచ్చేటప్పుడు ఈ సంగతి మాటతో చెప్పి ఊరుకోకుండా ట్యాంకు మూత మీద పెయింటుతో రాసిపెట్టండి.