మిసిసిపి ఒడ్డున చెరకు ఎస్టేట్లు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, న్యూఆర్లీన్స్ నుంచి మిసిసిపి నది వెంట పైకి గంట ప్రయాణం చేస్తే, ఒకప్పుడు ఆఫ్రికన్ బానిసలతో నడిపిన పాత చెరకు ఎస్టేట్లు వరుసగా వస్తాయి. ప్లాంటేషన్లు అంటారు. రోజుకు రెండు మించి చూడటం కష్టం, వయసైన వాళ్ళు వెంట ఉంటే ఒకటే చాలు. ఆ ఒక్కటీ విట్నీ కావాలని నా అభిప్రాయం. అమెరికా చూడటానికి వచ్చిన అమ్మానాన్నలతో విట్నీ, ఓక్ ఆలీ, లారా మూడూ చూశాం. టికెట్లు మూడు చోట్లా ముప్పై డాలర్లకు అటూ ఇటూ. తేడా అంతా ఎవరి కథ చెబుతారన్న దగ్గరే.

మామూలుగా ఈ ఎస్టేట్లలో దొరగారి బంగళాయే ముఖ్యం: పింగాణీ, మంచాలు, అమ్మగారి గౌన్లు. 2014 డిసెంబరులో తెరిచిన విట్నీలో బంగళా చివర్లో వస్తుంది, అదీ కాసేపే. ముందు చూపించేది బానిసత్వం పోయాక నల్లవాళ్ళు కట్టుకున్న చర్చి. దాన్ని మరో ఊరి నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. లోపల నిలువెత్తు మట్టిబొమ్మలు, అన్నీ చిన్నపిల్లలవే. పిల్లలే ఎందుకంటే, 1930లలో ప్రభుత్వం ఒకప్పటి బానిసలను వెతికి వాళ్ళ జ్ఞాపకాలు రాయించింది. 1865లో విముక్తి వచ్చేనాటికి పిల్లలుగా ఉన్నవాళ్ళే అప్పటికి మిగిలారు.

బయట నల్లరాతి పలకల మీద పేర్లు ఉంటాయి. గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి అమ్మకపు పత్రాలు, వీలునామాలు, కోర్టు కాగితాలు ఏళ్ళ తరబడి తిరగేసి పోగుచేసిన 1,07,000 మంది పేర్లు. ఆ పక్కనే, విట్నీ ఉన్న ఆ ఒక్క జిల్లాలో మూడేళ్ళు నిండకుండా పోయిన 2,200 మంది బానిస పిల్లల కోసం కట్టిన చిన్న ఆవరణ. అమ్మ అక్కడ బెంచీ మీద కూర్చుండిపోయింది. మేము తొందరపెట్టలేదు.

నాన్నను ఆపింది మాత్రం ఇనుప పెనాలు. మాది అనకాపల్లి వైపు. బెల్లం వండటం ఆయనకు చిన్నప్పటి నుంచి తెలిసిన పని. ఇక్కడ పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పెనాలు పెట్టి, రసం చిక్కబడే కొద్దీ గరిటెలతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోడేవాళ్ళు. ‘నరికిన చెరకు ఆగదురా, వెంటవెంటనే ఆడించాలి, ఆ రసం ఆ పూటే కాచాలి’ అన్నాడాయన. లూసియానాలో దానికి మంచు భయం కూడా తోడు. అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా గానుగలు రాత్రింబవళ్ళు తిరిగేవి. పాకం మీద పడితే తోలు ఊడి వచ్చే పని, నిద్ర లేకుండా వారాల తరబడి. ఈ చెరకు జిల్లాల్లో బానిసల జననాల కన్నా మరణాలే ఎక్కువ. ‘మేమూ రాత్రుళ్ళు మేలుకున్నాం, కానీ ఆ బెల్లం మాది’ అన్నాడు నాన్న. ఫోనులో వినిపించే వ్యాఖ్యానంలో తెలుగు ఉండదు కాబట్టి నేను చెబుతూ నడిచాను. ఈ పెనాల దగ్గర మాత్రం ఆయనే నాకు చెప్పాడు.

అట్లాంటిక్ మీద ఓడలకు ఎక్కించిన ఆఫ్రికన్లు సుమారు కోటీ పాతిక లక్షలు. వాళ్ళలో అత్యధికులు చేరింది బ్రెజిల్, కరీబియన్ దీవులకు. నేరుగా ఇప్పటి అమెరికా నేల మీద దిగినవాళ్ళు నాలుగు లక్షలు దాటరు. మరి లూసియానా చెరకుకు ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? 1791లో అప్పటి ఫ్రెంచి వలస, ఇప్పటి హైతీ అయిన సెయింట్ డొమింగ్‌లో బానిసలు తిరగబడటంతో అక్కడి చక్కెర కుప్పకూలింది. 1795లో ఎటియెన్ ద బోరే అనే ఎస్టేటు యజమాని న్యూఆర్లీన్స్ దగ్గర లాభసాటిగా పంచదార తీసి చూపించాడు. 1808లో అమెరికా బయటి నుంచి బానిసల దిగుమతిని నిషేధించింది. దాంతో వర్జీనియా, మేరీల్యాండ్ యజమానులు తమ దగ్గరున్న వాళ్ళను దక్షిణానికి అమ్మటం మొదలుపెట్టారు. అలా తరలిపోయినవాళ్ళు దాదాపు పది లక్షలు. మేము చదివింది చాలాసార్లు ఓడల కథ దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండో వలస కథ వినాలంటే ఇక్కడికి రావాలి.

ఓక్ ఆలీ అందం గురించి చెప్పనక్కర్లేదు. రెండు వరుసల్లో 28 మహావృక్షాలు, ఫొటోలకు పెళ్ళి జంటలు. అదే నాకు ఇబ్బంది. బానిసల గుడిసెలను తిరిగి కట్టి, వివరాలు నిజాయితీగానే పెట్టారు. కానీ జనం చెట్ల కింద తిరిగినంత సేపు అక్కడ నిలబడరు. మీరు వెళ్తే ఆంత్వాన్ గురించి చదవండి. 1846 చలికాలంలో పీకన్ అనే గింజల చెట్లకు అంట్లు కట్టి, మేలురకం గింజను నిలబెట్టిన బానిస తోటమాలి. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ రకానికి బహుమతి వచ్చింది. 1848 నాటి ఆస్తుల జాబితాలో అతని ధర 1,000 డాలర్లు.

లారా చిన్నది. గైడుతోనే తిరగాలి, మాకు దొరికిన గైడు బాగా చెప్పాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన కుందేలు కథలను అల్సే ఫోర్టియే అనే జానపద పండితుడు 1870లలో సేకరించింది ఇక్కడే. పిల్లలకు ఇదే నచ్చుతుంది.

బస సంగతి. ఓక్ ఆలీ ఆవరణలోనే అద్దె కాటేజీలు ఉన్నాయి. శుభ్రంగా, చల్లగా ఉంటాయంటారు. నాకు అక్కడ నిద్రపట్టదనిపించి తీసుకోలేదు. న్యూఆర్లీన్స్ ఫ్రెంచి క్వార్టర్‌లో ఒక హోటల్లో దిగాం. గది బాగానే ఉంది. కారు నిలిపినందుకు వేసిన బిల్లు చూస్తే మాత్రం కారుకు కూడా గది ఇచ్చారేమో అనిపించింది. కారు ఉంటే లాప్లాస్‌లో రోడ్డు పక్క మోటళ్ళు చాలు, ఎస్టేట్లకు అవే దగ్గర. బస్సులో రెండు ఎస్టేట్లు కలిపి చూపించే టూర్లు వద్దు. పెద్దవాళ్ళను గడియారం పట్టుకుని పరుగెత్తిస్తారు.

శాకాహారులు జాగ్రత్త. రాజ్మాలా కనిపించే కూరలో కూడా సాధారణంగా సాసేజి ఉంటుంది, గంబో అనే మాంసపు పులుసు సంగతి సరేసరి. పులిహోర కట్టుకెళ్ళండి. విట్నీలో నీడ తక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం తిరగలేరు, ఉదయం మొదటి టికెట్టే తీసుకోండి. మేము వెళ్ళినప్పుడు మంగళవారం సెలవు. 1811 బానిసల తిరుగుబాటులో చంపి, తలలు నరికి నది గట్టున గుంజలకు గుచ్చినవాళ్ళ స్మారకం ఒక పక్కన ఉంటుంది. చార్లెస్ డెలాండ్ నడిపిన ఆ తిరుగుబాటు గురించి పెద్దపిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి. చిన్నపిల్లలుంటే ఆ వైపు వదిలేసి లారాకు వెళ్ళిపోవచ్చు.