స్పామ్‌అసాసిన్: మంచి ఉత్తరాలను ఎందుకు ఆపుతుంది?

మెయిల్ సర్వర్లలో స్పామ్‌ను, అంటే అడగకుండా వచ్చే చెత్త ఈమెయిళ్లను, పట్టుకునేందుకు 2001లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒక్క లక్షణాన్ని చూసి ఉత్తరాన్ని దోషిగా తేల్చదు. అన్నీ పెద్దక్షరాలున్న ఇంగ్లీషు శీర్షిక, బ్లాక్‌లిస్టుకెక్కిన సర్వర్ చిరునామా, రాత తక్కువై బొమ్మలే ఎక్కువ కావడం వంటి ప్రతి అనుమానానికీ కొన్ని పాయింట్లు వేసి, మొత్తం 5కు చేరితే స్పామ్ ముద్ర వేస్తుంది. చవక హోస్టింగులో ఒకే సర్వర్ చిరునామాను పంచుకున్న పొరుగువాడి పాపం నిజాయితీగా పంపిన బిల్లుకూ చుట్టుకునేది ఇందువల్లే. బేయస్ పద్ధతిలో, అంటే ఏ మాటలు ఎలాంటి ఉత్తరాల్లో ఎక్కువగా వస్తాయో లెక్కగట్టి, నేర్చుకునే భాగం మెరుగైనదే గానీ, చెత్తవి 200, మంచివి 200 చూపేవరకు అది తీర్పు చెప్పదు. తెలుగు ఉత్తరాలందుకునే కార్యాలయాలు ఆ మంచివాటిలో తెలుగువీ తప్పక చేర్చాలి. ఏ నియమానికి ఎన్ని పాయింట్లు పడ్డాయో ఉత్తరం హెడర్‌లో (పైనుండే సాంకేతిక వివరాల్లో) చూపగలగడం దీని అసలు గొప్పతనం. ఆ 5 పాయింట్ల పరిమితిని గుడ్డిగా పెంచేకన్నా ఆ జాబితా చదివి నియమాన్ని సవరించుకోవడం మేలు.