జాంగోలో తేదీలు: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

స్కూల్ అడ్మిషన్లు, ఫీజు రసీదులు, స్టాఫ్ సెలవులు... నేను జాంగోలో (పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) రాసిన అప్లికేషన్లన్నీ తేదీల మీదే నడుస్తాయి. వెర్షన్ 2 రోజుల నుంచి 5 వచ్చేదాకా దాన్నే వాడుతున్నాను. తేదీని డేటాబేస్‌లో దాచే పనికి పూర్తి మార్కులు వేస్తాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయినా, మైఎస్‌క్యూఎల్ అయినా, ఎస్‌క్యూలైట్ అయినా తేదీ దాచే డేట్‌ఫీల్డ్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. చిక్కంతా అంతకు ముందే, ఫారంలో టైప్ చేసింది చదివే దగ్గరే ఉంది.

జాంగో ఇచ్చే డేట్ ఇన్‌పుట్ మామూలు టెక్స్ట్ పెట్టె. అందులో 05/04/2015 అని కొడితే మనకది ఏప్రిల్ 5. అమెరికా ఇంగ్లీష్ సెట్టింగ్‌లో ఉన్న జాంగోకి మే 4. ఎర్రర్ రాదు, హాయిగా సేవ్ అవుతుంది. 25/04/2015 అని కొడితే మాత్రం తేదీ సరిగా లేదంటుంది. అంటే రోజు 12 లోపు ఉంటేనే ప్రమాదం. రోజూ నెలా ఒకటే అంకె అయినవి తీసేస్తే, ఏడాదిలో 132 తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి. స్కూల్ రికార్డులో పుట్టిన తేదీ తప్పు పడితే అదే పదో తరగతి మెమోలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత దిద్దించుకోవడం పిల్లల తల్లిదండ్రులకు పెద్ద టెన్షన్. అందుకే నేను దీన్ని చిన్న విషయంగా చూడను.

సెట్టింగ్స్‌లో డేట్ ఇన్‌పుట్ ఫార్మాట్స్ (టైప్ చేసిన తేదీని ఏ వరసలో చదవాలో చెప్పే జాబితా) మార్చితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ భాష ఇంగ్లీష్‌గా ఉంటే ఆ భాషకున్న ఫార్మాట్ ఫైలే గెలుస్తుంది, మీరు రాసింది పక్కకు పోతుంది. నాకు నమ్మకంగా పనిచేసింది, ఫారంలో ఆ ఫీల్డ్‌కే రోజు, నెల, సంవత్సరం వరస ఇవ్వడం.

ఇంకా మంచిది బ్రౌజర్ క్యాలెండర్. ఇన్‌పుట్ టైప్‌ని డేట్‌గా మార్చితే, తెరమీద ఎలా చూపించినా సర్వర్‌కి పంపేది ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరసలోనే. ఒక్క జాగ్రత్త: విడ్జెట్‌కి (ఫారంలో ఆ పెట్టెను చూపించే జాంగో భాగానికి) కూడా అదే వరస ఫార్మాట్‌గా ఇవ్వాలి. లేకపోతే బ్రిటిష్ ఇంగ్లీష్ లాంటి సెట్టింగ్‌లో, ఎడిట్ పేజీ తెరిచినప్పుడు పాత తేదీ ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది.

తేదీ ఇవ్వకపోయినా పర్లేదనుకునే ఫీల్డ్‌కి బ్లాంక్ (ఫారంలో ఖాళీగా వదలొచ్చనే సెట్టింగ్) ఒక్కటే చాలదు, నల్ (డేటాబేస్‌లో ఖాళీగా ఉండొచ్చనే సెట్టింగ్) కూడా ట్రూ పెట్టాలి.

టైమ్ జోన్ గురించి రెండు మాటలు. టైమ్ జోన్ సపోర్ట్ ఆన్‌లో ఉంటే, 'ఇవాళ్టి తేదీ' కోసం టైమ్‌జోన్ నౌ (ఇప్పటి సమయం ఇచ్చే జాంగో ఫంక్షన్) నుంచి నేరుగా డేట్ తీస్తే వచ్చేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ. మన టైమ్ అయిదున్నర గంటలు ముందు కాబట్టి, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 వరకు నిన్నటి తేదీ పడుతుంది. టైమ్ జోన్ సెట్టింగ్ ఆసియా/కోల్‌కతాగా పెట్టి లోకల్‌డేట్ (ఆ టైమ్ జోన్‌లో ఇవాళ్టి తేదీ ఇచ్చే ఫంక్షన్) వాడితే ఆ బాధ ఉండదు. తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో కట్టిన ఫీజుల రసీదులకు ఇది తప్పనిసరి.

నాకున్న ఇంకో అసంతృప్తి తెలుగు సెట్టింగ్ గురించి. జాంగోలో తెలుగుకి ఫార్మాట్ ఫైల్ ఉంది, తేదీని మన వరసలోనే చూపిస్తుంది. కానీ ఇన్‌పుట్ ఫార్మాట్లు అందులో నింపలేదు, అందుకని టైప్ చేసేటప్పుడు మళ్లీ అమెరికా వరసే వస్తుంది. తెలుగులో మాత్రం సెట్టింగ్స్‌లో మనం రాసిన వరస చెల్లుతుంది, అదొక ఊరట. ఆ ఫైల్లో చేర్చాల్సింది కొన్ని లైన్లే, చేర్చాలని నా గట్టి కోరిక.