హైపర్‌టూఫా తొట్లు: గొప్పతనమంతా గోడలోనే

హైపర్‌టూఫా తొట్ల (సిమెంటులో కొబ్బరి పొట్టు వంటి తేలికైనవి కలిపి, రాతి తొట్లలా కనిపించేలా పోసేవి) గురించి రాసేవారిలో చాలామంది వాటి రాతి అందాన్నీ, తేలికదనాన్నీ మెచ్చుకొని అక్కడితో ఆగిపోతారు. కొన్నేళ్లుగా వాటిని స్వయంగా పోసుకొని, వాటిలోనే మొక్కలు పెంచుతున్న నాకు ఆ రెండూ తరవాతి సంగతులే. ఈ తొట్టిలో నన్ను కట్టిపడేసింది దాని గోడ. తయారీ గురించి చెప్పాల్సింది తక్కువే: సిమెంటు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒకటిన్నర పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గింజలు) ఒకటిన్నర పాళ్లు, పట్టు కోసం కాస్త పాలీప్రొపిలీన్ నార. కలిపిన ముద్దను గుప్పిట్లో పట్టి పిండితే రెండు మూడు చుక్కలకు మించి నీరు కారకూడదు. పొట్టును ముందుగానే బాగా కడిగి ఉప్పు పోగొట్టుకోవాలి.

ఇలా పోసిన గోడ నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని నెమ్మదిగా బయటి ముఖం నుంచి గాలికి వదులుతుంది. మట్టి కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఎండ తగులుతున్న వేళ ప్లాస్టిక్ కుండీ మీద చెయ్యి పెట్టలేకపోయినా, పక్కనే ఉన్న ఈ తొట్టి పక్కభాగం తడిసి ఉన్నంతసేపూ చల్లగానే తగులుతుంది. మొక్కల వేళ్లు కుండీ అంచున వేడికి మాడిపోవడం అనే బాధ నా పెద్ద తొట్లలో ఇంతవరకూ కనిపించలేదు.

ఈ గోడ ఎంత పనిచేస్తోందో నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఒక తొట్టి పగిలిన రోజున. గాలివానలో చెట్టు మీది ఎండుకొమ్మ ఒకటి విరిగి, అన్నిటికంటే పాతదైన పొడవాటి తొట్టి మూల మీద పడింది. తొట్టి రెండు ముక్కలు కాలేదు. నార పట్టి ఉంచడం వల్ల మూల మాత్రం బీటవారి, తలుపు తెరుచుకున్నట్టు పక్కకు ఒరిగింది. ఒరిగిన ముక్కను మెల్లగా లాగి చూస్తే, విరిగిన ముఖం మీద తెల్లటి పెర్లైట్ గింజలూ, గోధుమరంగు పొట్టు పోగులూ కనిపిస్తాయనే అనుకున్నాను. అవి ఉన్నాయి. వాటి మధ్యగా, వెంట్రుక కంటే సన్నటి వేళ్లు కూడా అల్లుకొని ఉన్నాయి. రెండు అంగుళాల మందం ఉన్న గోడలో సగం లోతు దాకా అవి వెళ్లాయి. పొట్టు పోగు ఒకటి కుళ్లి ఖాళీ అయిన చోట వేరు సరిగ్గా ఆ పోగు వంపునే పట్టుకొని సాగింది. పెర్లైట్ గింజ ఎదురైన చోట దాని చుట్టూ తిరిగి, గింజ పగుళ్లలోకి కూడా తొంగిచూసింది. ముక్కను లాగుతున్నప్పుడు ఆ వేళ్లు సాగి, చాలాసేపటికి గాని తెగలేదు. పైన ఉన్న దళసరి ఆకుల సెడం మొక్క ఏ మాత్రం వాడలేదు. తొట్టి లోపలి మట్టి ఎంతో, ఆ గోడ కూడా ఆ మొక్కకు అంత అని అప్పుడు అర్థమైంది.

అసలు టూఫా రాయి విలువ కూడా ఇదే. సున్నం కరిగి ఉన్న నీటి ఊటల దగ్గర కాల్షియం కార్బొనేట్ పేరుకొని ఏర్పడే ఆ రాయికి పర్వతప్రాంతపు మొక్కలు పెంచేవారు తొలి కాలం నుంచీ రంధ్రాలు చేసి, మొక్కలను నేరుగా అందులోనే నాటుతూ వచ్చారు. 1930ల ప్రాంతంలో ఇంగ్లండులో పాత రాతి తొట్లు దొరకడం కష్టమైనప్పుడు వాటికి బదులుగా పుట్టిన మిశ్రమం, రూపంలోనే కాక ఈ గుణంలో కూడా రాయికి దగ్గరగా వచ్చిందనడానికి నా విరిగిన మూలే నాకు సాక్ష్యం. ఆ మూలను అదే పాళ్ల ముద్దతో, వేళ్లు కదలకుండా తిరిగి అతికించాను. అతుకు కనిపిస్తుంది గాని నిలిచింది.

అయితే తడి వదిలే గోడ తడిని పోగొట్టుకునే గోడ కూడా. మొదట్లో ఈ తొట్లకు నీరు తక్కువ పెడితే చాలని అందరికీ చెబుతుండేవాణ్ణి; ఆ మాట పెద్ద తొట్ల వరకే నిజం. అరచేయంత గిన్నెలలో మట్టి తక్కువ, గోడ ఎక్కువ కాబట్టి అవి మామూలు కుండీల కంటే త్వరగా ఎండిపోతాయి. వాటిలో ఎండను తట్టుకునే సక్యులెంట్లు తప్ప ఇంకేవీ హాయిగా ఉండవు. కొబ్బరి పొట్టు ఏళ్ల తరబడి కుళ్లుతూ పోవడం వల్ల గోడ వేళ్లకు మరింత అనుకూలమవుతుంది, నిజమే. పలుచని అంచులు మాత్రం చేత్తో రుద్దితే పొడిపొడిగా రాలతాయి. అందుకే తోట అలంకారానికి చేసే పుట్టగొడుగుల గొడుగు అంచులు, ఆకుల అచ్చులు, పక్షులకు నీళ్లు పెట్టే పళ్లేల విషయంలో నా ఉత్సాహం తగ్గింది. గుండ్రటి బంతులు, బండరాళ్ల వంటి బలమైన ఆకారాలు మాత్రం బాగా నిలిచాయి. నాచు కూడా వాటి మీద దానంతటదే పట్టింది.

సున్నం సంగతి తేలికగా తీసుకోకూడదు. కొత్త సిమెంటు నుంచి వచ్చే నీటి పీహెచ్ 12 దాటుతుంది. అది చేతులనూ కాలుస్తుంది, లేత వేళ్లనూ కాలుస్తుంది. కలిపేటప్పుడు చేతి తొడుగులు, పొడి ఎగరకుండా ముక్కుకు మాస్కు తప్పనిసరి. అచ్చు విప్పిన తొట్టిని ప్లాస్టిక్ కవరులో చుట్టి, నీడలో తడిగా ఉంచి నాలుగు వారాలు గట్టిపడనిస్తాను. ఆ తరువాత రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పీహెచ్ స్ట్రిప్‌తో చూసుకొని గాని మొక్క పెట్టను. మిగిలిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. అంటే తొట్టి పాతబడే కొద్దీ దాని గుణం అసలు టూఫాకు ఇంకాస్త దగ్గరవుతుంది. ఈ ఆలోచన నాకు చాలా ఇష్టం. కాని క్షారగుణం పూర్తిగా పోదు. ఆమ్ల నేలను కోరే మొక్కల లేత ఆకులు, ఈనెలు పచ్చగా ఉండగానే పసుపు తిరుగుతాయి.

ఇక కొనదగినదా, చేయదగినదా అని అడిగేవారికి నా జవాబు నా పరిస్థితులతో ముడిపడి ఉంది. నా తొట్లు నేల మీద, పాక్షిక నీడలో, ఒకచోటే ఉంటాయి. వాటిని జరపాల్సిన అవసరం నాకు రాదు. నెలకు పైగా వేచి చూసే తీరిక కూడా నాకుంది. పొడిగా ఉన్నప్పుడు కాంక్రీటు కంటే ఎంతో తేలికైన ఈ తొట్టి, మట్టితో, నీటితో నిండాక బరువుగానే ఉంటుంది కాబట్టి, బాల్కనీలో పెట్టుకునేవారు దాని బరువును తడిగా ఉన్నప్పుడే లెక్క వేసుకోవాలి. ఫెర్న్‌లు, సెడం, నాపరాళ్ల సందుల్లో పెరిగే చిన్న మొక్కల కోసమైతే నేను మళ్లీ మళ్లీ ఇవే పోసుకుంటాను. ఆమ్ల నేలను కోరే నూరువరహాల మొక్కను మాత్రం మట్టికుండీలోనే ఉంచుతున్నాను.