చీజ్ శాండ్‌విచ్ కరకరలాడాలంటే ఏది మేలు: పెనమా, శాండ్‌విచ్ మేకరా?

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే అడిగేది చీజ్ శాండ్‌విచ్చే. రెండింటి మీదా చేసి చూశాక చెబుతున్నాను, కరకరలాడాలంటే ఇనప పెనమే మేలు.

బ్రెడ్‌లోనూ చీజ్‌లోనూ నీళ్లుంటాయి. వేడి తగిలితే ఆవిరవుతాయి. పెనం మీద పైవైపు తెరిచే ఉంటుంది కాబట్టి ఆవిరి దారి చూసుకుంటుంది. మేకర్‌లో రెండు పలకలు బిగిస్తే అంచులు అతుక్కుపోయి చాలా ఆవిరి లోపలే ఉండిపోతుంది. తీసినప్పుడు గట్టిగానే ఉంటుంది, ప్లేటులో పెట్టిన కాసేపటికే మెత్తబడుతుంది. గీతల పలకలైతే గీతలు తగిలినచోటే ఎర్రగా కాలుతుంది, మధ్యలో తెల్లగా మిగిలిపోతుంది.

అలాగని మేకర్‌ను అటక ఎక్కించలేదు. ఆలూ కూర పెట్టి చేసేటప్పుడు అతుక్కున్న అంచుల వల్లే కూర బయటికి రాదు. పొద్దున్నే బాక్సుల టెన్షన్‌లో దాని దగ్గర నిలబడక్కర్లేదు కూడా. పెనం దగ్గర మాత్రం మనిషి ఉండాల్సిందే.

మా అత్తయ్యగారు దోసెల పెనం మీద ఇంకేదీ వేయనివ్వరు, అందుకే నేను చపాతీ పెనం వాడతాను. పెనం వేడెక్కాక శాండ్‌విచ్ వేసి, మంట బాగా తగ్గించాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పెద్ద మంట మీద బ్రెడ్ మాడుతుంది, చీజ్ మాత్రం ముద్దలాగే ఉంటుంది. మూత ఒక్క నిమిషం పెడితే చీజ్ కరుగుతుంది. ఆ తర్వాత తీసేయాలి, లేదంటే ఆవిరి మళ్లీ బ్రెడ్ మీదే పడుతుంది. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. అట్లకాడతో మెల్లగా తడితే టకటకమని చప్పుడు రావాలి. ఆ చప్పుడు వినబడేదాకా నేను తిప్పను.

ఇక పైన రాయడానికి వెన్నా, నెయ్యా, మయోనైజా? వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు, కాస్త పాలపదార్థం. కమ్మని వాసన ఆ పాలపదార్థం వల్లే వస్తుంది, మంట ఎక్కువైతే ముందు మాడి నల్లచుక్కలయ్యేదీ అదే. నెయ్యిలో నీళ్లు దాదాపు ఉండవు, అంత తొందరగా మాడదు. మయోనైజ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే బ్రెడ్ చిరగకుండా రాయొచ్చు, రంగు సమంగా వస్తుంది, కానీ పులుపు నాలుకకు తెలుస్తుంది. వాడితే గుడ్డు లేనిది కొనండి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది కూడా. నా ఓటు నెయ్యికే. చివర్లో పెనం అంచున చిన్న వెన్నముక్క వేసి, అది కరిగాక శాండ్‌విచ్‌ను ఒకసారి దానిమీదికి జరుపుతాను, వాసన కోసం.

చీజ్ స్లైసులు సమంగా కరుగుతాయి. మొజరెల్లా బాగా సాగుతుంది కానీ నీరు ఎక్కువ. పనీర్ కరగదు. బ్రెడ్ నిన్నటిదైతే ఇంకా మంచిది.

దించాక ప్లేటులో పెట్టకండి, అడుగు చెమ్మగిల్లుతుంది. పుల్కాలు కాల్చే జాలీ మీద రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు కోయండి.