ఎటిమాన్‌లైన్‌కి పందికొక్కు పరీక్ష

ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే సైట్లలో బాగా వాడుకలో ఉన్నది ఎటిమాన్‌లైన్. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు. ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటి నిఘంటువు సత్తా తేలాలంటే మనకి బాగా తెలిసిన మాటే ఇచ్చి చూడాలి. తెలుగువాళ్ళకి ‘బాండికూట్’ని మించింది లేదు: అది మన పందికొక్కే.

మూలం విషయంలో సైటు పాసు. తెలుగు ‘పంది-కొక్కు’ నుంచి వచ్చిందని సూటిగా చెబుతుంది. అనుమానించాల్సిన పని లేదు. ఇదే జంతువుని తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. ఆ రెండిటినీ ఎంత వంచినా బాండికూట్ రాదు. మనవాళ్ళు పెట్టిన పేరూ ఊరికే పెట్టింది కాదు. కదిలిస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పందిలా గుర్రుమంటుంది.

మాట పక్కన ఇచ్చే సంవత్సరం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అది మాట పుట్టిన ఏడు కాదు, ఇంగ్లీషు రాతలో దొరికిన తొలి ఆధారం. ఇంకా పాత కాగితం బయటపడితే ఆ అంకె వెనక్కి జరుగుతుంది.

అర్థాల దగ్గర మాత్రం సైటు పలచబడుతుంది. ఆస్ట్రేలియాలో బాండికూట్ అంటే అసలు ఎలుక జాతి కాదు. పొడుగు మూతితో నేల తవ్వి పురుగులు తినే సంచిజీవి, అంటే కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జంతువు. ఏదో దూరపు పోలిక చూసి 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు ఈ పేరు తగిలించాడు. ఈ రెండో జంతువు సంగతి సైటు చెబుతుంది. కానీ ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఇది క్రియ కూడా: పైన మొక్క నిలబడే ఉంటుంది, కింద మట్టిలోకి చెయ్యి పెట్టి బంగాళాదుంపలు లాగేస్తారు. తోటవాడికి మొక్క వాడిపోయేదాకా తెలియదు. ఈ అర్థానికి ఆస్ట్రేలియా నిఘంటువులే దిక్కు. 2018లో కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబోకి బాండికూట్ అని పేరు పెట్టారు. అది మళ్ళీ మన మురుగుకాలవ జంతువే.

ఒకే స్పెల్లింగుతో వేరువేరు దారుల్లో వచ్చిన మాటలుంటే సైటు 1, 2 అని అంకెలేసి విడదీస్తుంది. ‘బ్యాంక్’ కొట్టి చూడండి: నదీతీరం ఒక ఎంట్రీ, డబ్బు దాచేది ఇంకోటి. మొదటి ఎంట్రీ చదివి మూసేస్తే సగం కథే తెలుస్తుంది; రెండూ చివరికి ఒకే పాత జర్మానిక్ మాటకి చేరతాయని కిందికి వెళ్తేగాని తెలియదు.

పెద్ద లోపం, తెలుగు మాట రోమన్ లిపిలోనే ఉండటం. గుర్తులు లేకుండా రాస్తే ‘ద’, ‘డ’ తేడా పోతుంది. ‘పంది’ తెలియనివాడు ‘పండి’ అని చదువుకోడా?

అందుకే ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైట్లో హాబ్సన్-జాబ్సన్ ఉచితంగా ఉంది. ఇండియాలోని ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటల నిఘంటువు అది; 1886లో మొదట వచ్చింది, సైట్లో ఉన్నది 1903 నాటి కూర్పు. పాత ప్రయోగాలు తేదీలతో సహా దొరుకుతాయి. అందులో తెలుగుని ‘తెలెగు’ అని రాశారు, వెతికేటప్పుడు ఆ స్పెల్లింగూ కొట్టాలి. బ్రౌన్ నిఘంటువు కూడా అక్కడే ఉంది, అందులో మాటలు తెలుగు లిపిలోనే కనిపిస్తాయి.