టాంగో: ముందు ఎనిమిది అడుగులా, ఉత్త నడకా?

టాంగో అనే జంట డాన్స్ క్లాసులో మొదటి రోజే కొందరు టీచర్లు ఎనిమిది అడుగుల వరస చూపించేస్తారు. స్పానిష్‌లో పాసో బాసికో అంటారు. ఇంకొందరు గంటసేపు నడిపిస్తారు, అంతే. డబ్బులు కట్టి మరీ నడక నేర్చుకోవడమేంటని నాకూ మొదట్లో చిరాకేసింది.

ఎనిమిది అడుగుల్లో సుఖముంది. అంకెలు గుర్తుంటే చాలు, మొదటి సాయంత్రమే డాన్స్ వచ్చేసినట్టుంటుంది. ఐదో అడుగులో, జంటలో వెంట నడిచే ఆమె ఎడమ పాదం కుడి పాదానికి ముందుగా అడ్డంగా వచ్చి పడుతుంది. క్రుసాదా అనే ఈ అడుగు ఎప్పటికీ పనికొస్తుంది. చిక్కంతా మొదటి అడుగుతోనే. జంటలో నడిపించేవాడు కుడికాలు వెనక్కి వేస్తాడు. బ్యూనస్ ఎయిర్స్ మిలోంగాల్లో, అంటే టాంగో కోసం జనం కలిసే హాళ్లలో, జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఒకరి వెనక ఒకరు కదులుతాయి. అక్కడ వెనక్కి వేస్తే వెనక జంట కాలు తొక్కినట్టే. క్లాసులో ఖాళీ గది కాబట్టి ఆ సంగతి తెలియదు.

పైగా లెక్కపెట్టేవాడి చూపు పాదాల మీదికి పోతుంది. తల వంగిందంటే ఒళ్లు ముందుకు ఒరిగి ఎదుటి మనిషి మీద భారం పడుతుంది.

నడకలో నేర్చుకునేది బరువు మార్చడం. మొత్తం బరువు ఒక కాలి మీద, రెండోది ఖాళీ. ఖాళీ కాలు నేలను రాసుకుంటూ వచ్చి, మోసే కాలి పక్కగా దాటి ముందుకెళ్లాలి. బరువు పూర్తిగా మారిందా? ఖాళీ కాలిని వేలెడు పైకెత్తి చూడండి. తూలితే సగం బరువు ఇంకా అక్కడే ఉంది. ఓచోలో, అంటే ఒక పాదం మీద తిరుగుతూ ఎనిమిది అంకె గీసినట్టు వేసే అడుగుల్లో, కొంప ముంచేది ఆ సగమే. పాదం ముందు భాగం మీద తిరగాల్సిన చోట పాదం కదలదు, మోకాలు మెలిపడుతుంది. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూలతోనూ ఇదే గోల, తోలు అడుగైతే జారుతుంది. కూచిపూడి వచ్చినవాళ్లకు ఇంకో తంటా: అక్కడ నేల మోగాలి, ఇక్కడ చప్పుడే రాకూడదు.

పెళ్లి ఫంక్షన్‌లో ఒక్క పాటకైతే ఎనిమిది అడుగులు చాలు. మిలోంగాకి వెళ్లే ఉద్దేశముంటే మాత్రం, నన్నడిగితే, నెలపాటు నడకే. ఆ తర్వాత ఆ వరసే నేర్చుకోండి, వెనకడుగు తీసేసి పక్కడుగుతో మొదలుపెట్టి. ఈలోగా కార్లోస్ ది సార్లి టాంగో ఆర్కెస్ట్రా రికార్డులు పెట్టుకుని సాక్సులతో హాల్లో నడవండి, వెనక్కి కూడా. వెనక్కి వేసేటప్పుడు ముందు మునివేళ్లు దిగాలి, మడమ ఆఖర్న.